ఏ కేబుల్ ఎక్కడికి, ఎంత భారానికి: డెస్క్‌టాప్ పవర్ కనెక్షన్ల మీద సాగుతున్న వాదాలు

గోడ సాకెట్ నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటును 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చే పెట్టెను మన షాపుల్లో ఎస్‌ఎంపీఎస్ అంటారు. దాని కేబుళ్లు మదర్‌బోర్డుకు, ప్రాసెసర్‌కు, గ్రాఫిక్స్ కార్డుకు, డిస్కులకు వెళ్తాయి. సొంతంగా మొదటి కంప్యూటర్ బిగించుకునేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ర్యామ్‌ను తిరగేస్తే గాడిలో కూర్చోదు, ప్రాసెసర్ మూలన ఉన్న గుర్తు దాని దిక్కు చెబుతుంది. కేబుళ్ల దగ్గరికొచ్చేసరికి ఒకే పోలికలో ఉన్న కనెక్టర్లు నాలుగైదు చేతికొస్తాయి. పైగా సలహాలు ఒకదానితో ఒకటి పొసగవు. గ్రాఫిక్స్ కార్డుకు ఒక్క కేబుల్ చాలని ఒకరంటే, రెండు విడివిడిగా ఇవ్వకపోతే కాలిపోతుందని ఇంకొకరు. బోర్డు మీద సాకెట్ ఖాళీగా ఉంటే ప్రమాదమని ఒకరు, ఏమీ కాదని మరొకరు.

ఈ వాదాల్లో కొన్ని ఎప్పుడో తేలిపోయాయి, అయినా సాగుతూనే ఉన్నాయి. కొన్ని నిజంగానే తేలలేదు. ఏది ఏ కోవకు చెందుతుందో తెలియాలంటే ప్రతిచోటా ఒకే లెక్క వేయాలి: పిన్ను మోయగలిగిన కరెంటు ఎంత, మోస్తున్నది ఎంత, మధ్యలో మిగిలిన వెసులుబాటు ఎంత.

పీ8, పీ9 నుంచి 24 పిన్నుల దాకా

1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఎస్‌ఎంపీఎస్ సామర్థ్యం 63.5 వాట్లు. ఆ తరం యంత్రాల్లో మదర్‌బోర్డుకు కరెంటు రెండు ఆరు పిన్నుల కనెక్టర్ల ద్వారా వెళ్లేది. వాటికి పీ8, పీ9 అని పేర్లు. రెండూ ఒకే కొలతలో ఉండి పక్కపక్కనే కూర్చునేవి. దానిది దీనికీ, దీనిది దానికీ పెడితే బోర్డు పోయినట్టే. నల్ల వైర్లు నాలుగూ మధ్యలో కలవాలన్న గుర్తు ఒక్కటే రక్ష. తర్వాతి ఏటీ తరహా క్యాబినెట్లలో ముందున్న పవర్ బటన్ దాకా నేరుగా మెయిన్స్ కరెంటే వచ్చేది, ఆ వైర్లను బిగించే మనిషే తగిలించుకోవాలి. ఈనాటి చిక్కులు ఆ రోజులతో పోలిస్తే చిన్నవే.

1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ ప్రమాణం ఈ రెండు ప్రమాదాలనూ ఒకేసారి తీసేసింది. రెండు కనెక్టర్ల స్థానంలో 20 పిన్నులది ఒక్కటే వచ్చింది. దాని గుంటల్లో కొన్ని చదరంగా, కొన్ని మూలలు చెక్కినట్టుగా ఉంటాయి కాబట్టి తిరగేసి పెట్టడానికి వీలుండదు. పవర్ బటన్‌కు మెయిన్స్ కరెంటుతో పని లేకుండా పోయింది. బటన్ నొక్కితే బోర్డు పచ్చ వైరును భూమికి కలుపుతుంది, దాంతో ఎస్‌ఎంపీఎస్ మేలుకుంటుంది. వోల్టేజీలు కుదురుకున్నాక, 100 నుంచి 500 మిల్లీసెకన్ల లోపు, బూడిదరంగు వైరు మీద 'అంతా సరే' అన్న సంకేతం పంపుతుంది. ఈ ఏర్పాటు వల్ల ఒక కొత్త జాగ్రత్త అవసరమైంది. కంప్యూటర్ ఆపేసి ఉన్నా ఊదారంగు వైరులో 5 వోల్టులు ఉంటూనే ఉంటాయి. గోడ స్విచ్ ఆపకుండా ర్యామ్ తీసి పెట్టడం అందుకే తప్పు.

ఆ తర్వాత వచ్చిన మార్పులన్నీ 5 వోల్టుల నుంచి 12 వోల్టులకు జరిగిన వలసలో భాగాలే. 75 వాట్లు అందించాలంటే 5 వోల్టుల దగ్గర 15 ఆంపియర్లు కావాలి, 12 వోల్టుల దగ్గర 6.25 చాలు. కరెంటు తగ్గితే వైరు సన్నబడుతుంది, వేడి తగ్గుతుంది. పెంటియం 4 కోసం 2000లో ప్రాసెసర్‌కు విడిగా నాలుగు పిన్నుల 12 వోల్టుల కనెక్టర్ వచ్చింది. 2003లో ఏటీఎక్స్12వీ 2.0 ప్రమాణంతో ప్రధాన కనెక్టర్ 24 పిన్నులకు పెరిగింది. సర్వర్ల కోసం రూపొందిన ఎనిమిది పిన్నుల ఈపీఎస్ కనెక్టర్ క్రమంగా మామూలు బోర్డుల మీదికీ చేరింది.

ఇప్పుడు చేతికొచ్చే కేబుళ్లు

24 పిన్నుల కేబుల్ గురించి పెద్దగా వాదం లేదు. అది బోర్డు కుడి అంచున కూర్చుంటుంది. గట్టిగా నొక్కాలి, క్లిప్పు 'టక్'మనాలి. ఇందులో ఒక గుంట ఖాళీగా ఉండటం చూసి పిన్ను ఊడిపోయిందని కంగారుపడేవారు ఉంటారు. అది ఒకప్పటి మైనస్ 5 వోల్టుల చోటు. ఆ వోల్టేజీ వాడుకలోంచి పోయాక ఖాళీగా వదిలేశారు.

అసలు పొరపాటుకు తావిచ్చేవి రెండు ఎనిమిది పిన్నుల కనెక్టర్లు: ప్రాసెసర్‌కు వెళ్లే ఈపీఎస్, గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే పీసీఐఈ. దూరం నుంచి చూస్తే రెండూ కవలల్లా ఉంటాయి. లోపల అమరిక దాదాపు తలకిందులు. ఈపీఎస్‌లో నాలుగు పిన్నులు 12 వోల్టులవి, నాలుగు భూమివి. పీసీఐఈలో 12 వోల్టులవి మూడే, మిగతా ఐదూ భూమి వైపువి, వాటిలో రెండు సంకేతం కోసం. పైగా ఈపీఎస్‌లో 12 వోల్టులు ఉన్న వరసలో పీసీఐఈకి భూమి ఉంటుంది. గుంటల ఆకారాలు వేరు కాబట్టి మామూలుగా ఒకటి ఇంకొకదాంట్లో దిగదు. బలం ఉపయోగిస్తే ప్లాస్టిక్ లొంగుతుంది, షార్ట్ అవుతుంది. గుర్తుపట్టడానికి తేలికైన దారి చీలిక. ఈపీఎస్ మధ్యకు చీలి నాలుగు, నాలుగుగా విడిపోతుంది. పీసీఐఈ ఆరు, రెండుగా విడిపోతుంది. చాలా కేబుళ్ల మీద 'సీపీయూ' అనో 'పీసీఐఈ' అనో అచ్చు కూడా ఉంటుంది.

పీసీఐఈ ఆరు పిన్నుల కనెక్టర్‌కు ప్రమాణం ఇచ్చిన పరిమితి 75 వాట్లు, ఎనిమిది పిన్నులదానికి 150. రెండింటిలోనూ సాధారణంగా 12 వోల్టుల వైర్లు మూడే ఉంటాయి. మరి రెట్టింపు ఎలా అయింది? అదనపు రెండు పిన్నులూ కరెంటు పెంచడానికి కాదు. ఒకటి భూమి, ఒకటి సంకేతం. 'ఈ కేబుల్ 150 వాట్లకు తగినది' అని కార్డుకు తెలియజేయడమే ఆ సంకేతం పని. అంటే 75, 150 అన్నవి లోహం సత్తాను కొలిచిన అంకెలు కావు, ప్రమాణం రాసినవారు జాగ్రత్తగా గీసుకున్న గీతలు. ముందుకొచ్చే వాదాలన్నిటికీ మూలం ఇక్కడుంది.

డిస్కులకు వెళ్లే సాటా కనెక్టర్ 15 పిన్నులది. అందులో 12 వోల్టులకు కేటాయించినవి మూడు, ఒక్కొక్కటి 1.5 ఆంపియర్లకు మించకూడదు. మొత్తం 54 వాట్లు. సాటా నుంచి ఆరు పిన్నుల పీసీఐఈకి మార్చే చవక అడాప్టర్లు ఎందుకు ప్రమాదమో ఈ లెక్కే చెబుతుంది: 75 వాట్లు అడిగే హక్కున్న కార్డును 54 వాట్ల దారికి కడుతున్నారు. క్రిప్టో మైనింగ్ ఊపు మీద ఉన్న రోజుల్లో, కార్డును బోర్డుకు దూరంగా కలిపే రైజర్ల దగ్గర ఈ అడాప్టర్లు మాడిన ఫొటోలు కొల్లలుగా వచ్చాయి. దీని మీద రెండో అభిప్రాయం లేదు.

మాడ్యులర్ కేబుళ్లు: తేలిపోయినా నష్టం ఆగని విషయం

కేబుళ్లన్నీ ఎస్‌ఎంపీఎస్‌కు శాశ్వతంగా అతికి ఉండే రోజుల్లో ఈ సమస్యే లేదు. రెండు కొసల్లోనూ ఊడివచ్చే మాడ్యులర్ కేబుళ్లు వచ్చాక కొత్త ఉచ్చు తయారైంది. మదర్‌బోర్డు వైపు కొస ఏటీఎక్స్ ప్రమాణానికి లోబడి ఉంటుంది, ఏ కంపెనీదైనా ఒక్కటే. ఎస్‌ఎంపీఎస్ వైపు కొసకు అలాంటి ప్రమాణం లేదు. ఏ గుంటలో 12 వోల్టులు, ఏ గుంటలో 5, ఏది భూమి అన్నది ఒక్కో కంపెనీ తనకు తోచినట్టు పెట్టుకుంది. కనెక్టర్ ఆకారం మాత్రం చాలామందికి ఒకటే.

ఫలితం తెలిసిందే. పాత ఎస్‌ఎంపీఎస్ పోయింది, కొత్తది వేరే కంపెనీది కొన్నారు, క్యాబినెట్ వెనక చక్కగా సర్ది కట్టిన సాటా కేబుల్ విప్పడం ఎందుకని దాన్నే కొత్తదానికి గుచ్చారు. చక్కగా దిగింది. స్విచ్ వేయగానే 5 వోల్టులు రావాల్సిన చోట 12 వోల్టులు వచ్చి హార్డ్ డిస్కు పోయింది. డిస్కుతో పాటు దానిలో ఉన్నదీ పోయింది. ఒకే కంపెనీలోనూ ఈ తేడాలుంటాయి. కోర్సెయిర్ టైప్ 3, టైప్ 4 కేబుళ్లలో మిగతావి పరస్పరం సరిపోయినా 24 పిన్నులది సరిపోదు.

ఈ విషయంలో నిపుణుల మధ్య భేదం లేదు. ఎస్‌ఎంపీఎస్‌తో పాటు పెట్టెలో వచ్చిన కేబుళ్లే వాడాలి, మార్చినప్పుడు అన్నీ మార్చాలి. రంగుల అల్లిక కేబుళ్ల మీద మోజు ఉంటే రెండు దారులున్నాయి: పెట్టెలో వచ్చిన కేబుళ్ల చివర తగిలించే ఎక్స్‌టెన్షన్లు, లేదా ఫలానా మోడల్‌కే అని పేర్కొని అమ్మేవి. ఎక్స్‌టెన్షన్ల రెండు కొసలూ ప్రమాణానికి లోబడినవే కాబట్టి తికమక లేదు. చర్చ మిగిలింది ఒక్కచోటే: ఎస్‌ఎంపీఎస్ వైపునూ ప్రమాణం కిందికి ఎందుకు తేకూడదు? లోపలి సర్క్యూట్ అమరికను బట్టి గుంటల వరస మారుతుందని, ఒకే వరస రుద్దితే డిజైన్ కట్టిపడేసినట్టవుతుందని తయారీదార్ల వాదం. కనీసం ఆకారమైనా వేరుగా పెట్టవచ్చు కదా అన్న ప్రశ్నకు మాత్రం ఒప్పించే జవాబు ఇంతవరకూ రాలేదు.

గ్రాఫిక్స్ కార్డుకు ఒక కేబులా, రెండా

చాలా ఎస్‌ఎంపీఎస్‌లతో వచ్చే పీసీఐఈ కేబుల్‌కు ఒక చివర ఒక్క కొస, రెండో చివర రెండు కనెక్టర్లు ఉంటాయి. మొదటి కనెక్టర్ నుంచి చిన్న తోకలా రెండోది వేలాడుతుంది. కార్డు మీద రెండు సాకెట్లున్నప్పుడు ఈ ఒక్క కేబుల్‌తో రెండూ నింపాలా, రెండు కేబుళ్లు తెచ్చి ఒక్కో కొస పెట్టాలా?

విడివిడి కేబుళ్ల పక్షం చెప్పేది సూటిగా ఉంది. భారం రెండుగా పంచుకుంటే ఒక్కో వైరులో కరెంటు సగమవుతుంది, కాంటాక్ట్ దగ్గర వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి నాలుగో వంతుకు పడిపోతుంది, కార్డు దగ్గర వోల్టేజీ కూడా తక్కువ దిగుతుంది. రెండో కేబుల్ ఎలాగూ పెట్టెలో ఉంది, ఖర్చు లేదు. కార్డు 225 వాట్లు దాటితే రెండు కేబుళ్లు వాడమని ఎస్‌ఎంపీఎస్ తయారీ సంస్థ సీసోనిక్ సూచించింది.

ఒక్క కేబుల్ చాలనే పక్షం ప్రమాణం గీతను కాదు, లోహాన్ని చూపిస్తుంది. 4.2 మిల్లీమీటర్ల ఎడంతో ఉండే ఈ పిన్నులు, రకాన్ని బట్టి, ఒక్కొక్కటి 7 నుంచి 9 ఆంపియర్ల దాకా మోస్తాయి. 150 వాట్ల దగ్గర ఒక్కో పిన్ను మీద పడేది 4.17 ఆంపియర్లే. అంటే దాదాపు రెండింతల వెసులుబాటు ఉంది. ఎస్‌ఎంపీఎస్ తయారీదారు ఆ కేబుల్‌ను 300 వాట్లకు తగినట్టే చేశాడు, లేకపోతే రెండు కొసలు ఎందుకు పెడతాడు? దీనికి బలమైన సాక్ష్యం కోర్సెయిర్ 600 వాట్ల 12వీహెచ్‌పీడబ్ల్యూఆర్ (కొత్త పదహారు పిన్నుల) కేబుల్. అది ఎస్‌ఎంపీఎస్ వైపు రెండే ఎనిమిది పిన్నుల సాకెట్లలో దిగుతుంది. ఒక్కో సాకెట్ 300 వాట్లు మోస్తుందన్న మాట.

రెండు వాదాల్లోనూ లెక్క తప్పు లేదు. తేడా దేన్ని ప్రమాదంగా చూస్తున్నారన్న దాంట్లో ఉంది. కొత్త కేబుల్, పూర్తిగా దిగిన కనెక్టర్, పేరున్న ఎస్‌ఎంపీఎస్ అయితే 220 వాట్ల కార్డుకు తోక కేబుల్ వాడినందువల్ల ఏమీ కాదు. అదే కేబుల్ మీద 300 వాట్లు నడిస్తే, 12 వోల్టుల వైర్లు మూడే ఉన్నచోట, ఒక్కో పిన్ను మీద 8.33 ఆంపియర్లు పడతాయి. ఒక పిన్ను కాస్త వదులైతే దాని వాటా మిగతా రెండింటి మీద పడుతుంది, అప్పుడు గీత దాటినట్టే. కాబట్టి రెండు కేబుళ్ల సలహా చిన్న కార్డులకు ముందుజాగ్రత్త, పెద్ద కార్డులకు అవసరం. ఇద్దరికీ ఒకే వాక్యంలో చెప్పడం వల్లే వాదం పెరిగింది.

దీనికి అనుబంధంగా ఎస్‌ఎంపీఎస్ లోపల 12 వోల్టుల దారి ఒకటే ఉండాలా, కొన్ని పాయలుగా ఉండాలా అన్న పాత చర్చ ఉంది. ఏటీఎక్స్12వీ 2.0లో ఒక్కో పాయకు 240 వోల్ట్-ఆంపియర్ల హద్దు పెట్టారు, అంటే 20 ఆంపియర్లు. తర్వాతి సవరణల్లో ఆ హద్దు తీసేశారు. ఒకే దారి ఉంటే ఎటైనా ఎంతైనా వెళ్లవచ్చు, లెక్కల తలనొప్పి లేదు. పాయలుంటే ఒక కేబుల్‌లో లోపం వచ్చినప్పుడు ముందే కట్ అవుతుంది. ఎస్‌ఎంపీఎస్ చిన్నదైతే ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు. వెయ్యి వాట్లు దాటినవాటిలో పాయల పక్షానిదే పైచేయి కావాలి. ఒక్క సన్న వైరు షార్ట్ అయితే 80 ఆంపియర్లకు పైగా దానిలోంచి పారే అవకాశం ఉండటం మంచి డిజైన్ అనిపించుకోదు.

పదహారు పిన్నుల కనెక్టర్

అసలు మంట, మాటకు మాటగానూ, ఇక్కడే రగిలింది. 2022లో ఏటీఎక్స్ 3.0 ప్రమాణంతో పాటు వచ్చిన 12వీహెచ్‌పీడబ్ల్యూఆర్ కనెక్టర్‌లో 12 పిన్నులు కరెంటువి, 4 సన్నవి సంకేతాలవి. పిన్నుల మధ్య ఎడం 3 మిల్లీమీటర్లకు తగ్గింది. పరిమితి మాత్రం 600 వాట్లకు పెరిగింది. 12 వోల్టుల దగ్గర 600 వాట్లంటే 50 ఆంపియర్లు, ఆరు పిన్నులకు పంచితే తలా 8.33. పిన్ను సామర్థ్యం 9 ఆంపియర్లకు కొంచెం పైన. తోక కేబుల్ మీద 300 వాట్లు నడిపినప్పుడు వచ్చిన అంకె, ఇక్కడి అంకె ఒకటే కావడం గమనించాలి. పాత కనెక్టర్‌లో అది వాడుకదారు తెచ్చుకున్న చివరి అంచు, కొత్తదానిలో ప్రమాణమే ఆ అంచున నిలబెట్టింది.

2022 అక్టోబరులో ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4090 మార్కెట్లోకి వచ్చింది. దాని వాడకం 450 వాట్లు. కొద్ది వారాల్లోనే కరిగిన కనెక్టర్ల ఫొటోలు బయటికొచ్చాయి. కారణం మీద మూడు పక్షాలు ఏర్పడ్డాయి.

మొదటిది వాడుకదారు తప్పు అన్న పక్షం. ఆ ఏడాది నవంబరులో ఎన్‌విడియా తన దృష్టికి వచ్చినవి ప్రపంచమంతటా సుమారు 50 కేసులేనని, కనెక్టర్ పూర్తిగా దిగకపోవడమే ప్రధాన కారణంగా కనిపిస్తోందని ప్రకటించింది. హార్డ్‌వేర్ సమీక్షల ఛానెల్ గేమర్స్ నెక్సస్ చేసిన పరీక్షలు కూడా సగం దిగిన కనెక్టర్, లోపల చిక్కిన చెత్త అన్నవాటినే వేలెత్తి చూపాయి. కరిగిన కొన్ని కనెక్టర్ల మీద అవి ఎంతవరకు లోపలికి వెళ్లాయో తెలిపే గీత స్పష్టంగా కనిపించింది.

రెండోది ఆకారం తప్పు అన్న పక్షం. ఇంత భారం మోసే కనెక్టర్ సగం దిగినప్పుడు కూడా పనిచేయడం లోపం కాదా అన్నది వారి ప్రశ్న. 2023లో వచ్చిన సవరణ ఈ పక్షానికి బలమిచ్చింది. 12వీ-2×6 అని పేరు మార్చుకున్న కొత్త రూపంలో కరెంటు పిన్నులు 0.25 మిల్లీమీటర్లు పెరిగాయి, సంకేతం పిన్నులు 1.5 మిల్లీమీటర్లు వెనక్కి జరిగాయి. ముందు రూపంలో సంకేతం పిన్నులు తగలకపోయినా కార్డు 150 వాట్లు తీసుకునేది. కొత్తదానిలో తగలకపోతే సున్నా. కనెక్టర్ పూర్తిగా దిగితేనే కార్డు లేస్తుంది. ఈ మార్పు కార్డు మీది సాకెట్‌లోదే, పాత కేబుళ్లు కొత్త సాకెట్‌కు పనికొస్తాయి. కేబుల్‌ను పక్కకు తిప్పడానికి ఈ కనెక్టర్‌కు తగిలించే వంపు అడాప్టర్ల కథా ఇదే కాలంలో ముగిసింది. కేబుల్‌మాడ్ సంస్థ అమ్మిన అలాంటి అడాప్టర్లను, సుమారు 25,300, అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంస్థ 2024 ఫిబ్రవరిలో వెనక్కి పిలిపించింది.

మూడో పక్షం కార్డు లోపలికి చూస్తుంది. ఆర్‌టీఎక్స్ 3090 టీఐలో ఆరు 12 వోల్టుల పిన్నులను జతలుగా విడదీసి ఒక్కో జత కరెంటును కార్డు విడిగా కొలిచేది. 4090లో ఆరూ కార్డులోకి రాగానే ఒక్కటైపోతాయి. ఏ వైరులో ఎంత పారుతోందో కార్డుకు తెలియదు. ఐదు వైర్లలో నిరోధం కొంచెం పెరిగితే ఆరోది భారమంతా మోస్తుంది, ఎవరూ ఆపరు. 2025 జనవరిలో 575 వాట్ల ఆర్‌టీఎక్స్ 5090 వచ్చాక, డెర్8ఆవర్ పేరుతో తెలిసిన జర్మన్ ఓవర్‌క్లాకర్ రోమన్ హార్టుంగ్ తన కార్డు మీద ఒక్క వైరులోనే 20 ఆంపియర్లకు పైగా కరెంటును కొలిచి చూపాడు. ఉండాల్సింది 8. కరెంటు రెండున్నర రెట్లయితే వేడి ఆరు రెట్లవుతుంది.

ఈ మూడింటిలో మూడో పక్షం వాదనే ఎక్కువ సంగతులను వివరిస్తుంది. పూర్తిగా దించిన కనెక్టర్లు కూడా కొన్ని ఎందుకు కరిగాయో మొదటి పక్షం చెప్పలేదు. సవరించిన సాకెట్ ఉన్న 5090లోనూ సమస్య ఎందుకు తిరిగొచ్చిందో రెండో పక్షం చెప్పలేదు. అయినా బిగించే మనిషి చేతిలో ఉన్నది మొదటి పక్షం చెప్పినదే. కార్డును క్యాబినెట్‌లో పెట్టకముందే, టార్చి వేసుకుని, కనెక్టర్ అంచుకూ సాకెట్ అంచుకూ మధ్య సందు కనిపించనంతగా నొక్కాలి. ఈ కనెక్టర్ల క్లిప్పు శబ్దం సన్నగా ఉంటుంది, చెవిని నమ్మకూడదు. కనెక్టర్ నుంచి 35 మిల్లీమీటర్ల వరకు కేబుల్‌ను వంచకూడదు. క్యాబినెట్ పక్క అద్దం కేబుల్‌ను ఒత్తుతోందంటే ఆ క్యాబినెట్ ఆ కార్డుకు చాలదని అర్థం.

బోర్డు మీది రెండో సాకెట్

ఖరీదైన మదర్‌బోర్డుల మీద ప్రాసెసర్ కోసం ఎనిమిది పిన్నుల సాకెట్‌తో పాటు ఇంకో నాలుగో, ఎనిమిదో పిన్నుల సాకెట్ ఉంటుంది. ఇది చిన్న విషయం, చర్చే పెద్దది. ఈపీఎస్‌లో నాలుగు జతలు, జతకు 7 ఆంపియర్ల చొప్పున వేసుకున్నా 336 వాట్లు. ఇంటెల్ కోర్ ఐ9-14900కేకు కంపెనీ పెట్టిన పై హద్దు 253 వాట్లు, ఏఎండీ రైజెన్ 9 7950ఎక్స్‌కు 230. ఒక్క సాకెట్ సరిపోతుంది. రెండోది ఓవర్‌క్లాకింగ్ చేసేవారికి. కేబుల్ ఉంటే పెట్టుకోవచ్చు, లేదని అడాప్టర్ కొనడం మాత్రం అనవసరం.

దీనికంటే ముఖ్యమైన సంగతి చేతి పనికి సంబంధించింది. ఈపీఎస్ సాకెట్ బోర్డు పైభాగాన ఎడమ మూల ఉంటుంది. కూలర్, పైన ఫ్యాన్లు బిగించాక అక్కడికి వేళ్లు దూరవు. కేబుల్‌ను క్యాబినెట్ వెనకనుంచి ముందే ఆ మూలకు తెచ్చి పెట్టుకోవడం మేలు. ఈ ఒక్క కేబుల్ మరిచిపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, తెర మీద ఏమీ రాదు. బోర్డు పోయిందని షాపుకు తీసుకెళ్లే కేసుల్లో ఇదొకటి.

అడాప్టర్లు, పాత డిస్కులు

నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి సాటాకు మార్చే అడాప్టర్ల మీద వాదం తయారీ పద్ధతి దగ్గర తేలింది. వైర్లను ఒకే ముద్ద ప్లాస్టిక్‌లో పోతపోసిన రకంలో లోపల వైర్లు జరిగి, ఒకదానికొకటి తగిలి నిప్పంటుకున్న సందర్భాలున్నాయి. విడిగా పిన్నులు బిగించి వెనక మూత వేసినవి నమ్మదగినవి. అడాప్టర్ అన్నదే వద్దనే సలహాకు ఒక చిత్రమైన అడ్డంకి ఉంది. కొత్త తరం పెద్ద హార్డ్ డిస్కులు కొన్నిటిలో సాటా మూడో పిన్నుకు 3.3 వోల్టులు తగిలితే డిస్కు తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు ఉంది. పాత ఎస్‌ఎంపీఎస్‌లు ఆ పిన్నుకు ఎప్పుడూ 3.3 వోల్టులు ఇస్తూనే ఉంటాయి, డిస్కు అసలు లేవదు. మోలెక్స్‌లో 3.3 వోల్టులు ఉండవు కాబట్టి వద్దన్న అడాప్టరే అక్కడ మందు. లేదా ఆ పిన్ను మీద వేడిని తట్టుకునే టేపు అంటించాలి.

గోడ వైపు సంగతులు

అమెరికా నుంచి వచ్చే సూచనలను యథాతథంగా పాటించలేని చోటు ఇది. బిగించేటప్పుడు స్టాటిక్ కరెంటు నుంచి కాపాడుకోవడానికి ప్లగ్ ఉంచాలా, తీసెయ్యాలా అన్నది పాత వాదం. ప్లగ్ ఉంచితే క్యాబినెట్ భూమికి కలిసి ఉంటుందని ఒకరు, 230 వోల్టులు తగిలి ఉన్న పెట్టె దగ్గర చేతులు పెట్టవద్దని ఇంకొకరు. అమెరికా గోడ సాకెట్లకు సాధారణంగా స్విచ్ ఉండదు. మన దగ్గర ఉంటుంది, అది ఆపితే ఫేజు తెగుతుంది, ఎర్త్ పిన్ను కలిసే ఉంటుంది. కాబట్టి ప్లగ్ ఉంచి గోడ స్విచ్, ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ రెండూ ఆపడం ఇక్కడ సబబైన మధ్యేమార్గం. వైరింగ్ సరిగ్గా ఉండాలన్నది షరతు. ఫేజు, న్యూట్రల్ తారుమారైన పాత ఇళ్లలో స్విచ్ ఆపినా ఫేజు లోపలే ఉంటుంది. అనుమానం ఉంటే ప్లగ్ పీకేసి, ముందుగా క్యాబినెట్ లోహాన్ని తాకి పని మొదలుపెట్టడమే క్షేమం.

క్యాబినెట్‌ను ముట్టుకుంటే చిమచిమలాడటం, టెస్టర్ పెడితే వెలగడం తెలుగు రాష్ట్రాల్లోని పాత ఇళ్లలో మామూలే. ఎస్‌ఎంపీఎస్ పాడైందని చాలామంది మారుస్తారు, కొత్తదానికీ అంతే. కారణం ఎర్తింగ్ లేకపోవడం. ఎస్‌ఎంపీఎస్ ముంగిట ఉండే ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి క్యాబినెట్‌కు కలిసి ఉంటాయి. ఎర్త్ లేనప్పుడు క్యాబినెట్ సగం వోల్టేజీ దగ్గర, సుమారు 115 వోల్టుల వద్ద తేలుతూ ఉంటుంది. పారే కరెంటు చాలా తక్కువ కాబట్టి ప్రాణాపాయం ఉండదు గానీ, నడుస్తున్న కంప్యూటర్‌కు టీవీ కేబుల్ గుచ్చితే పోర్టు పోయే అవకాశముంది. దీనికి మందు ఐఎస్ 3043 ప్రకారం సరైన ఎర్తింగ్ వేయించడమే. మూడో పిన్ను లేని ఎక్స్‌టెన్షన్ బాక్సు ఎంత ఖరీదైనదైనా పనికిరాదు.

యూపీఎస్ మీద ఇంకా రెండు అభిప్రాయాలున్నాయి. ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ అందించగలిగేది సుమారు 360 వాట్లు, అది కూడా మెట్లు మెట్లుగా ఉండే అలతో. నేటి ఎస్‌ఎంపీఎస్‌లలో మెయిన్స్ నుంచి లాగే కరెంటును సర్దే యాక్టివ్ పీఎఫ్‌సీ సర్క్యూట్ అలాంటి అలను సరిగ్గా స్వీకరించదని ఒక పక్షం, మంచి ఎస్‌ఎంపీఎస్‌లు తట్టుకుంటాయని మరో పక్షం. కొన్ని జోడీల్లో కరెంటు పోగానే కంప్యూటర్ కూడా పోతుంది, కొన్నిటిలో పోదు. ముందుగా చెప్పే సూత్రం లేదు. ఇన్వర్టర్ మీద నడిపేవారికి లెక్క కొంచెం తేటగా ఉంది. కరెంటు తెగాక ఎస్‌ఎంపీఎస్ తనలోని నిల్వతో నిలబడేది 16, 17 మిల్లీసెకన్లు. ఇన్వర్టర్‌ను యూపీఎస్ మోడ్‌లో పెడితే ఆలోపు అందుకుంటుంది, మామూలు మోడ్‌లో అందుకోకపోవచ్చు. ఇక పాత ఎస్‌ఎంపీఎస్ వెనక 115, 230 అని ఎర్ర స్విచ్ ఉంటే అది 230 మీదే ఉందో లేదో ప్లగ్ పెట్టకముందే చూసుకోవాలి. 115 మీద ఉండగా స్విచ్ వేస్తే పెద్ద చప్పుడుతో కథ ముగుస్తుంది.

తేలకుండా మిగిలినవి

పచ్చ వైరును నల్ల వైరుతో కలిపి ఎస్‌ఎంపీఎస్‌ను బోర్డు లేకుండా ఆన్ చేసి చూడటం మంచిదేనా అన్న ప్రశ్నకు సగం జవాబే ఉంది. అది ఫ్యాన్ తిరుగుతుందో లేదో చెబుతుంది, భారం పడినప్పుడు వోల్టేజీ నిలుస్తుందో లేదో చెప్పదు. పైగా మొదటిసారి బిగించేవారికి వైరు తప్పితే షార్ట్. క్యాబినెట్‌లో పెట్టకముందే బోర్డును దాని అట్టపెట్టె మీద ఉంచి, ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్, 24 పిన్నులు, ఈపీఎస్ మాత్రం తగిలించి చూడటం ఎక్కువ సంగతులు చెబుతుంది.

క్షణకాలపు ఉరుకుల లెక్క కూడా పూర్తిగా కుదరలేదు. 2020 తర్వాతి గ్రాఫిక్స్ కార్డులు అతి తక్కువ సమయంపాటు తమ సగటుకు రెట్టింపు దాకా లాగడంతో, అంకెల్లో సరిపోయే ఎస్‌ఎంపీఎస్‌లు కూడా ఆగిపోయేవి. ఏటీఎక్స్ 3.0 తన రేటింగ్‌కు రెండింతల భారాన్ని 100 మైక్రోసెకన్లు తట్టుకోవాలని నిబంధన పెట్టింది. అంతకుముందు కొన్నవాటిలో ఏది తట్టుకుంటుంది, ఏది తట్టుకోదు అన్నది పెట్టె మీది వాట్లు చూసి చెప్పలేరు. పదహారు పిన్నుల కనెక్టర్‌లో ఒక్కో వైరును కొలిచే బాధ్యత కార్డుదా, ఎస్‌ఎంపీఎస్‌దా అన్నదీ తేలలేదు. ఆసుస్ తన అస్ట్రల్ తరహా 5090 కార్డుల్లో ఒక్కో పిన్ను కరెంటును కొలిచి హెచ్చరించే ఏర్పాటు పెట్టింది. అది కొలుస్తుంది, పంచదు.

కేబుళ్లను బోర్డు వెనక వైపు తగిలించే డిజైన్లు వచ్చాయి. ఆసుస్ బీటీఎఫ్‌లో గ్రాఫిక్స్ కార్డుకు కేబులే లేకుండా బోర్డు మీది ప్రత్యేక స్లాట్ నుంచి 600 వాట్ల దాకా అందుతుంది. ఎంఎస్‌ఐ, గిగాబైట్ కూడా వెనక కనెక్టర్ల బోర్డులు తెచ్చాయి గానీ రంధ్రాల స్థానాలు కంపెనీని బట్టి మారడంతో క్యాబినెట్ ఎంపిక చిక్కుగా మారింది. మరోవైపు ఇంటెల్ ప్రతిపాదించిన ఏటీఎక్స్12వీఓ, 5, 3.3 వోల్టులను ఎస్‌ఎంపీఎస్ నుంచి పూర్తిగా తొలగించి, 24 పిన్నుల స్థానంలో 10 పిన్నులతో సరిపెడుతుంది. డిస్కులకు కావలసిన 5 వోల్టులను మదర్‌బోర్డే తయారుచేసుకోవాలి. ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు ఆదా అవుతుందన్నది దాని పక్షం, బోర్డు ఖరీదు పెరుగుతుందన్నది ప్రతిపక్షం. పెద్ద కంపెనీలు తయారుచేసి అమ్మే కంప్యూటర్లలో 12 వోల్టుల అమరికలు ఎప్పటినుంచో ఉన్నాయి. విడిగా కొనే బోర్డుల్లో మాత్రం 24 పిన్నుల సాకెట్టే కొనసాగుతోంది.